పన్నెండు మీటర్ల తాడు

ఆఫీసులో ఆయన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. ఎదురుగా ఉంటే 'నిక్కచ్చిగారు', అటు తిరిగితే ఉత్త 'నిక్కచ్చి'. ఆయనకి రెండూ తెలుసు, రెండూ ఇష్టమే. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, పొద్దున్న తొమ్మిదింటికి పడవేసుకుని సరస్సు నడిమధ్యకి వెళ్లడం, లోతులోంచి ఒక సీసా నీళ్లు తియ్యడం, ఆ నీళ్లలో గాలి ఎంత కలిసి ఉందో కొలిచి పుస్తకంలో రాయడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా ఇదే. జ్వరమొచ్చినా వెళ్లాడు. కాలు బెణికినా కుంటుకుంటూ వెళ్లాడు. ఉద్యోగం ఆలస్యంగా వచ్చింది కాబట్టి పెళ్లీ ఆలస్యమే అయింది. అంత ఆలస్యమైన పెళ్లిని కూడా, పెద్దవాళ్లు శుక్రవారం పెడితే, ఆ రోజు కుదరదని శనివారానికి మార్పించాడు. ఆ సంగతి ఆయన భార్య ఇప్పటికీ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది, వాళ్లు అడక్కపోయినా.

కాగితాల్లో దాన్ని సరస్సు అంటారు, నోటిమాటలో పెద్దచెరువు. పేరేదైనా నడిమధ్య పదహారు మీటర్ల లోతుంది. అక్కడ గొలుసుతో అడుక్కి కట్టేసిన పసుపుపచ్చ పీపా ఒకటి తేలుతూ ఉంటుంది. నిక్కచ్చి పడవని దానికి కట్టి, సీసాని ఇనప చట్రంలో బిగించి, తాడు పట్టుకుని మెల్లగా దింపుతాడు. చట్రానికి సీసపు గుండు ఉంటుంది కాబట్టి తిన్నగా కిందికి పోతుంది. తాడుకి ఒకచోట ఎర్రగుడ్డ కుట్టి ఉంటుంది. గుడ్డ నీటిని తాకిందంటే సీసా పన్నెండు మీటర్ల లోతుకి చేరిందన్నమాట. అప్పుడు ఒక్క కుదుపు కుదిపితే సీసా మూత ఊడి, లోపలి గాలి బుడగలుగా పైకొచ్చి, సీసా నిండుతుంది. పైకి లాగి, ముందు థర్మామీటరు పెట్టి వేడి ఎంతో చూస్తాడు. తరవాత రెండు రకాల మందులు కొన్ని చుక్కలు వేసి, మూత బిగించి తిరగేస్తాడు. నీళ్లలో గాలి ఉంటే టీ రంగులో మడ్డి కడుతుంది. లేకపోతే పాలలా తెల్లగా ఉండిపోతుంది. తెల్లటిది ఆయన ఒక్కసారే చూశాడు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ట్రైనింగులో, కాచి చల్లార్చిన నీళ్లతో.

చేపకి కావలసింది ఆ టీ రంగే. మనం ముక్కుతో పీల్చుకునేదాన్ని అది మొప్పలతో నీళ్లలోంచి తీసుకుంటుంది. అందులోనూ ఇక్కడ అడుగుచేప అని ఒకటుంది. నల్లటి వీపు, మందపాటి పెదవులు, ఎండ పొడ గిట్టదు. దానికి చల్లటి నీళ్లు కావాలి, ఆ చల్లటి నీళ్లలో గాలీ కావాలి. రెండూ కింద దొరికేవి కాబట్టి కిందే ఉండేది. "నీళ్లెలా ఉన్నాయండీ?" అని దారిలో ఎవరడిగినా నిక్కచ్చి, "అడుగున గాలి బ్రహ్మాండంగా ఉంది" అనేవాడు, తనే ఊది వచ్చినట్టు.

ఇక తాడు సంగతి. చేరిన రోజున స్టోర్సులో ఇచ్చిన తాడే ఇప్పటికీ. పదిహేను మీటర్లు, చిటికెనవేలంత మందం. ట్రైనింగూ పెళ్లీ అయ్యాక, సొంతంగా నీళ్లు తియ్యబోయే ముందు, దాన్ని ఆఫీసు వరండాలో పరిచి, సీసా కట్టే చివర నుంచి పన్నెండు మీటర్లు కొలిచి, సుద్దతో గుర్తుపెట్టి ఇంటికి తీసుకెళ్లాడు. కొత్తగా కాపురానికొచ్చిన భార్యకి కుట్టుపని వచ్చు. ఆమె చేత ఆ గుర్తు మీద ఎర్రగుడ్డ కుట్టించాడు. "పెళ్లయ్యాక మా ఆయన నా చేతికి మొదట తెచ్చిచ్చింది తాడు" అని ఆవిడ అది కూడా చుట్టాలకి చెబుతుంది.

పని నేర్పిన పాతాయన అప్పట్లో ఒక్క మాట గట్టిగా చెప్పాడు. "ముడి దగ్గర తాడు అరుగుతుంది, దాన్ని నమ్మకు. ఏడాదికోసారి, వానలకి ముందు, అరిగిన చివర జానెడు కోసేసి మళ్లీ కట్టుకో. సీసా పోయిందంటే జవాబు చెప్పుకోలేక చస్తావు." నిక్కచ్చి ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు. వేరే సరస్సుల్లో పనిచేసేవాళ్లు సీసాలు పోగొట్టుకుని సంజాయిషీలు రాసుకుంటూ ఉంటే, ఈయన సీసా ఇరవై ఆరేళ్లలో ఒక్కటీ పోలేదు. మీటింగుల్లో పైవాళ్లు ఆ సంగతి ఎత్తి మిగతావాళ్లకి చీవాట్లు పెట్టేవాళ్లు. అలాంటప్పుడు నిక్కచ్చి నవ్వు కనబడకుండా తల దించుకుని చెప్పులకేసి చూసుకునేవాడు.

ఆయనకి ఒక అక్క ఉంది. ఆరేళ్లు పెద్దది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. తండ్రి చేపలు పట్టేవాడు. ఆయన తరవాత పడవ అక్కకి వచ్చింది, చదువు తమ్ముడికి వచ్చింది. అరవై దాటినా అక్క ఇప్పటికీ తెడ్డు వేస్తుంది. బావకి మోకాళ్ల నొప్పులు, ఒడ్డున కూచుని వలలు బాగుచేస్తాడు. అడుగుచేప కోసం లోతు వల వేసే పడవలు ఆ సరస్సు మీద పదకొండుంటే, అందులో అక్కది ఒకటి. ఆవిడ కొలతంతా బారల్లోనే. రెండు చేతులూ బారచాపితే ఎంతో అంత, ఆవిడకైతే సుమారు ఒకటిన్నర మీటరు. వల దింపేటప్పుడు తాడుని బారలు బారలుగా వదులుతూ పైకే లెక్కపెడుతుంది. టేపు అనేది ఆవిడ దృష్టిలో జాకెట్లు కుట్టుకునేవాళ్ల వస్తువు.

తమ్ముడి పసుపు పీపాకి, అక్క వల వేసే చోటుకి మధ్య గట్టిగా కేకేస్తే వినబడేంత దూరం. మంగళ, శుక్రవారాల్లో ఒకరికొకరు చెయ్యెత్తేవాళ్లు. అంతే, ఎవరి పని వాళ్లది. ఇన్నేళ్లలో ఆయన అక్క పడవ ఎక్కింది ఒక్కసారీ లేదు. ఆఫీసు పనికి ఆఫీసు పడవే వాడాలని రూలు.

ఈ పదిహేనేళ్లలో సరస్సు మారిపోయింది. తూర్పు ఒడ్డున ఇళ్లు పెరిగాయి. వాటి మురుగుకాలవని తెచ్చి నీళ్లలో కలిపారు. పైన వాలు పొలాల్లో చల్లిన ఎరువు వానకి కొట్టుకొచ్చి ఇందులోనే పడుతుంది. ఎండాకాలం వస్తే నీళ్లు ఆకుపచ్చగా, తెల్లచొక్కా ముంచితే మరకపట్టేలా తయారవుతాయి. ఆ పచ్చటి నాచంతా చచ్చి అడుక్కి దిగి కుళ్లుతుంది. కుళ్లడానికి కూడా గాలి ఖర్చవుతుంది. పైన నీళ్లకైతే గాలి తగులుతుంది, అడుగు నీళ్లకి కొత్తగా ఇచ్చేవాళ్లెవరూ లేరు. ఇదంతా నిక్కచ్చికి తెలుసు. తెలుసు కాబట్టే మరీ జాగ్రత్తగా కొలిచాడు. ప్రతిసారీ టీ రంగే వచ్చింది. ఇంత మురుగు పడుతున్నా అడుగు బాగానే ఉందని సంతోషించి, అలాగే రాశాడు.

ఒకటి మాత్రం కాస్త వింతగా అనిపించేది. అడుగునీటి వేడి ఏడాదికేడాది కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది. లోకమంతా వేడెక్కుతోందని పేపర్లో రాస్తున్నారు కదా, ఇక్కడా అదే అనుకున్నాడు. పై ఆఫీసువాళ్లూ అదే అన్నారు. పెద్ద కారణం ఒకటి సిద్ధంగా దొరికినప్పుడు చిన్న కారణం కోసం ఎవరు వెతుకుతారు?

చేప మాత్రం తగ్గిపోయింది. పది పడే చోట మూడు పడుతున్నాయి.

నాలుగు నెలల కిందట అక్క ఇంటికొచ్చింది. కూచోమన్నా కూచోలేదు.

"ఒరే, అడుగున చేప లేదు. నీ పుస్తకంలో ఏం రాస్తున్నావో నాకు తెలీదు గానీ, ఆ కింద ఏదో పాడైంది. వల అడుగుదాకా వదిలితే ఖాళీగా వస్తోంది. పైగా కుళ్లిన గుడ్డు కంపు."

"గాలి లీటరుకి ఆరున్నర మిల్లీగ్రాములుందక్కా. మొన్న శుక్రవారమే చూశాను. ఆరున్నరంటే చేప హాయిగా బతుకుతుంది."

"హాయిగా బతికితే ఏదిరా మరి?"

అక్కడితో ఊరుకుంటే పోయేది. కానీ తన పుస్తకాన్ని తన ఇంట్లోనే ఎవరో తప్పుపట్టడం ఆయనకి అదే మొదటిసారి. "పదకొండు పడవలవాళ్లూ కలిసి ఉన్న చేపనంతా తోడేసి, ఇప్పుడు నీళ్లమీదికి నెడితే ఎలా అక్కా?" అనేశాడు.

అక్క ఆయన మొహంలోకి ఒకసారి చూసింది. "టీ పెట్టాను వదినా, తాగి వెళ్లండి" అని ఆయన భార్య అంటున్నా ఆగకుండా వెళ్లిపోయింది. ఆ మంగళవారం అక్క చెయ్యెత్తలేదు. శుక్రవారమూ ఎత్తలేదు. నాలుగు నెలలూ అంతే.

ఈలోగా చేపల ఆఫీసు నుంచి నోటీసు దిగింది. అడుగుచేప మూడోవంతుకి పడిపోయింది. నీళ్లు బాగున్నాయని ఇరవై ఆరేళ్ల పుస్తకం చెబుతోంది. నీళ్లు బాగుండీ చేప తగ్గిందంటే తప్పు వలలదే. కాబట్టి లోతు వల వేసే పదకొండు పడవల లైసెన్సులూ రద్దు చెయ్యదలచాం, అభ్యంతరాలుంటే వచ్చే గురువారం విచారణలో చెప్పుకోవచ్చు. నోటీసుకి జతచేసిన కాగితాల్లో అన్నీ నిక్కచ్చి దస్తూరీయే. అక్క పడవని ఒడ్డున బోర్లించడానికి కావలసిన సాక్ష్యమంతా తమ్ముడు తన చేత్తో, గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టాడు. పడవ పోతే ఆ ఇంట్లో ఇంకో పని తెలిసినవాళ్లు లేరు. ఆయనకి బాధగానే ఉంది. కానీ లెక్క లెక్కే కదా, నేనేం చెయ్యను అనుకున్నాడు. మనుషులు అవసరమొచ్చినప్పుడు లెక్కని భలే అడ్డం పెట్టుకుంటారు.

అప్పటికి ఆయన రిటైర్మెంటు రెండు నెలల్లోకి వచ్చింది. 'ఒక్క పొరపాటైనా లేని సేవ' అంటూ ప్రశంసాపత్రం టైపు కూడా అయిపోయిందని ఆఫీసు గుమాస్తా చెవిన వేశాడు. వెళ్లేముందు తన దగ్గరున్న సామాను జాబితా రాసి అప్పగించాలి. విచారణ రెండు రోజులుందనగా, మంగళవారం సాయంత్రం, సామానంతా ఇంటికి తెచ్చుకుని ఆ పని మొదలుపెట్టాడు. సీసాలు ఆరు. చట్రం ఒకటి. థర్మామీటరు ఒకటి. తాడు, పదిహేను మీటర్లు, ఒకటి. ఇంకొకరైతే పాత జాబితా చూసి దించేస్తారు. ఈయన కొలిస్తేగానీ రాయడు.

"ఆ టేపు ఇలా ఇవ్వు" అన్నాడు. భార్య మిషను మీద దిండు గలీబు కుడుతోంది.

"నడుము కొలుచుకుంటారా? వద్దులెండి, భయపడతారు" అంటూ ఇచ్చింది.

వంటింటి గుమ్మం నుంచి వీధి తలుపు దాకా పొడుగ్గా ఒకటే నడవ ఆ ఇంటికి. అది పది మీటర్లని ఆయనకి తెలుసు, అద్దెకి దిగిన రోజే కొలిచాడు. పదిహేను మీటర్ల తాడు వీధి మెట్ల మీదుగా బయటికి పోతుంది కదా అని ముందే తలుపు బార్లా తీసిపెట్టి, వంటింటి గుమ్మం దగ్గర ఒక కొస పెట్టి పరుచుకుంటూ వచ్చాడు. తాడు వీధి గడప దాకా కూడా రాలేదు.

టేపు పెట్టి కొలిచాడు. తొమ్మిది మీటర్ల ఎనభై సెంటీమీటర్లు. కుట్టుపని టేపు ఒకటిన్నర మీటర్లే, జరిపేటప్పుడు ఎక్కడైనా తప్పానేమోనని మళ్లీ కొలిచాడు. మళ్లీ అంతే. అప్పుడు సీసా కట్టే చివర నుంచి ఎర్రగుడ్డ దాకా కొలిచాడు. ఆరు మీటర్ల ఎనభై.

తాడు కొస చేత్తో పట్టుకుని లెక్క వేశాడు. ఏడాదికి జానెడు. ఇరవై ఆరు జానలు, అంటే అయిదు మీటర్ల ఇరవై. కోసినప్పుడల్లా సీసా వైపే కోశాడు. గుడ్డ మాత్రం కుట్టిన చోటే ఉండిపోయింది. వెలిసిపోయినప్పుడల్లా భార్య చేత అదే చోట మళ్లీ కొత్తగుడ్డ కుట్టించాడు. గుడ్డ నీటిని తాకిన ప్రతిసారీ పుస్తకంలో పన్నెండు అని రాశాడు.

"ఏమైందండీ? తాడు తరిగితే కొత్తది అడగండి. దానికంత మొహం ఎందుకు?"

"నేను అడుగు నీళ్లు తియ్యడం లేదే" అన్నాడు. "ఎన్నో ఏళ్ల నుంచి తియ్యడం లేదు. మధ్యలో నీళ్లు తీసి, అడుగు బాగుందని రాస్తున్నాను."

ఆవిడ మిషను ఆపింది. మెల్లగా, "ఎవరికైనా తెలుసా?" అంది.

"ఇప్పుడు నీకు."

"కొత్త తాడు తెండి, గుడ్డ కుట్టేస్తాను. ఇంక రెండు నెలలే కదా. ఆ కాగితమేదో ఇస్తారన్నారు..." అంటూ ఆగిపోయింది. తన మాట తనకే నచ్చలేదు. గలీబు ఒళ్లో పెట్టుకుని కూచుని, "మరి వదిన పడవ?" అంది.

నిజం చెప్పాలంటే ఆయనకి ముందు భయమేసింది. ఎంక్వయిరీ పెడతారు, పెన్షను ఆపుతారు, వరండాలో నిలబడి టీ తాగేవాళ్లు తనని చూసి గుసగుసలాడతారు. ఇవన్నీ వరసగా గుర్తొచ్చాయి. అక్క అన్నిటికంటే చివర గుర్తొచ్చింది. ఆ వరస తలుచుకుంటే ఆయనకి ఇప్పటికీ తనమీద తనకి అసహ్యమేస్తుంది.

మర్నాడు సెలవు పెట్టాడు. దుకాణానికి వెళ్లి పదిహేను మీటర్ల తాడు కొని, దుకాణదారు విసుక్కుంటున్నా అక్కడే మూడుసార్లు కొలిచాడు. ఇంటికి తెచ్చి పన్నెండు మీటర్ల దగ్గర గుర్తు పెడితే భార్య గుడ్డ కుట్టి ఇచ్చింది. సీసాలు, మందులు సంచిలో పెట్టుకుని ఒడ్డుకి వెళ్లాడు. బావ వల ముందేసుకుని కూచుని ఉన్నాడు.

"ఏంటి బావమరిదీ, దారి తప్పావా?"

అక్క పడవలో నీళ్లు తోడిపోస్తోంది, తలెత్తలేదు. "అక్కా, నన్నొకసారి పీపా దగ్గరికి తీసుకెళ్తావా?" అన్నాడు.

"ఏం, మీ ఆఫీసు పడవ మునిగిందా?"

"సెలవు పెట్టాను. సెలవులో ఆఫీసు పడవ వాడకూడదు."

అంత కోపంలోనూ అక్క మొగుడివైపు చూసి పెదవులు బిగించింది. నవ్వు ఆపుకోవాలంటే ఆవిడ చేసే పని అదే. "ఎక్కు" అంది.

పీపా దగ్గర సీసా దింపాడు. తాడు పోతూనే ఉంది. ఆయన చేతులకి అలవాటైన చోట గుడ్డ రాలేదు, ఇంకా పోయింది, ఇంకా పోయింది. చివరికి గుడ్డ నీటిని తాకాక కుదిపాడు. బుడగలు పైకి రావడానికి కూడా ఎక్కువసేపు పట్టింది. సీసా పైకి తీసి పట్టుకుంటే అరచెయ్యి జివ్వుమంది. థర్మామీటరు చూశాడు. ఇరవై ఆరేళ్ల కిందట మొదటి పేజీలో రాసిన అంకె. మూత తీస్తే కుళ్లిన గుడ్డు కంపు. మందుచుక్కలు వేసి, మూత బిగించి, తిరగేశాడు.

తెల్లగా ఉంది. ఇంకోసారి తిరగేశాడు. పాలలా తెల్లగా అలాగే ఉంది.

"ఏంట్రా అది?" అంది అక్క.

"గాలి లేదు."

"కొంచెం కూడానా?"

"అసలు లేదక్కా."

పది మీటర్లలో తీశాడు, అదీ తెలుపే. ఎనిమిదిలో తీస్తే ఉండీ లేనట్టు చిన్న రంగు. పాత తాడు లోతులో, ఆరు ఎనభైలో తీస్తే చక్కటి టీ రంగు. అప్పుడు తాడు సంగతంతా చెప్పాడు. జానెడు జానెడు కోయడం, గుడ్డ కదలకపోవడం, అన్నీ. "నువ్వు చెప్పిందే నిజం. ఆ రోజు నేనన్న మాట..." అంటూ సీసాల మూతలు బిగించసాగాడు.

అక్క ఆ మాట అందుకోలేదు. నీళ్లకేసి చూస్తూ అంది, "చేప ఎక్కడుందో తెలుసా? నువ్వు ఆఖర్న తీశావే, అక్కడుంది. మిగిలిందంతా అక్కడే. పైకి పోతే వేడికి ఓర్చుకోలేదు, కిందికి పోతే ఊపిరాడదు. ఆ మధ్యన ఒక గదిలో ఇరుక్కున్నట్టు ఇరుక్కుపోయింది." తెడ్డు అందుకుంటూ, "అయితే అది ఊపిరి కోసం పైకొస్తుంటే, నీ సీసా కూడా దాని వెనకే పైకొచ్చిందన్నమాట" అంది.

ఆయనకి ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. చేప ఊపిరాడక కింది నుంచి పారిపోయి వచ్చిన చోటే ఏడాదికేడాది తన సీసా ముంచి, ఇక్కడ హాయిగా ఉంది అని రాశాడు. అక్క పడవని ఒడ్డువైపు తిప్పింది.

గురువారం విచారణ చేపల ఆఫీసు పై అంతస్తులో, పొడుగాటి బల్ల ఉన్న గదిలో. పదకొండు పడవలవాళ్లు గోడవారగా కూచున్నారు. అధికారి మర్యాదస్తుడే, అందరికీ మంచినీళ్లు ఇప్పించాడు. నిక్కచ్చిని పిలిచింది ఒకే ఒక్క ప్రశ్న కోసం.

"ఈ పుస్తకంలో అంకెలన్నీ సరైనవేనా?"

"అంకెలు సరైనవే సార్. లోతు తప్పు."

పాత తాడు సంచిలోంచి తీసి బల్లమీద పరిచాడు. పరుస్తూ మొత్తం చెప్పాడు. ఎవరో గోడవారనుంచి "అయ్యో" అన్నారు. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ పదకొండు పడవల్లో మీ అక్కగారిది కూడా ఉందట."

"ఉంది సార్."

"మరి ఈ తాడు మీరు ఇరవై ఆరేళ్లు కోశారో, నిన్న కోశారో నాకెలా తెలియాలి?"

ఇరవై ఆరేళ్లలో ఆయన్ని ఆ మాట అన్నవాళ్లు లేరు. కానీ ప్రశ్న సరైనదే, తనైనా అదే అడిగేవాడు. అందుకే దానికీ సిద్ధపడి వచ్చాడు. పుస్తకం తెరిచి వేడి రాసిన గడి మీద వేలు పెట్టాడు.

"ఇది చూడండి సార్. ఏటా కొంచెం కొంచెం పెరిగింది. లోకం వేడెక్కుతోంది, అందుకే అనుకున్నాం అందరం. నిన్న నిజంగా పన్నెండు మీటర్లలో నీళ్లు తీస్తే మొదటి ఏడాది వేడే ఉంది. అడుగు వేడెక్కలేదు, నా సీసా పైకొచ్చింది. ఈ అంకెలు రాసినప్పుడు నాకే తెలీదు సార్. అందుకని వీటినైనా నమ్మండి. కావాలంటే రేపు మీవాళ్లని పంపండి, మీ తాడుతోనే."

పంపారు. శుక్రవారం చేపల ఆఫీసువాళ్లు తమ తాడుతో తీసిన నీళ్లు కూడా పాలలా తెల్లగానే ఉన్నాయి.

లైసెన్సుల రద్దు ఆగిపోయింది. తూర్పు ఒడ్డు మురుగుకాలవ గురించి పై ఆఫీసుకి రాశారు. ఎప్పటికి కదులుతుందో ఎవరికీ తెలీదు. ప్రశంసాపత్రం ఆగిపోయింది. నిక్కచ్చికి మెమో వచ్చింది: బాధ్యతారాహిత్యంపై సంజాయిషీ ఇవ్వాలి, పుస్తకంలో ప్రతి ఏడాదికీ ఎదురుగా తప్పు సరిదిద్ది సంతకం చెయ్యాలి. వరండాలో గుసగుసలు అనుకున్నట్టే మొదలయ్యాయి. ఇక పడవలవాళ్లు ఒడ్డున కూచుని మాట్లాడుకుని, ఎండలు తగ్గేదాకా లోతు వలలు వెయ్యకూడదని తమంతట తామే అనుకున్నారు. ఆ మాట ముందు అన్నది అక్క. "పారిపోవడానికి చోటు లేనిదాన్ని పట్టడం ఒక పట్టడమా?" అందట. లైసెన్సు దక్కించుకున్న వారానికే వల ఎత్తి దండెం మీద ఆరేసింది.

ఆ తరవాతి ఆదివారం మధ్యాహ్నం నిక్కచ్చి ఆ పుస్తకాలన్నీ నడవలో పరుచుకుని కూచున్నాడు. ఎర్రసిరా పెన్నుతో ప్రతి ఏడాదికీ ఎదురుగా ఒకే మాట రాసి సంతకం పెడుతున్నాడు. రాసి రాసి వేళ్లు లాగుతున్నాయి. ఆ పేజీల్లో జ్వరమొచ్చిన రోజులున్నాయి, కాలు బెణికిన రోజులున్నాయి. అన్నిటికీ ఒకటే మాట.

అక్క వచ్చింది. ఈసారి కూచుంది. మరదలు ఇచ్చిన టీ తాగుతూ, తనకి చదువు రాదు కాబట్టి, "ఏంట్రా రాస్తున్నావు, చదువు" అంది.

"లోతు తెలియదు, అని."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. ఏ ఏడాది సీసా ఎంత లోతులో ఉందో ఇప్పుడెవరు చెప్పగలరు? గాలి ఎక్కడిదాకా ఉండేదో ఎవరు చెప్పగలరు?"

"ఎందుకు చెప్పలేరు?" అక్క గ్లాసు కింద పెట్టింది. "అది ఏ ఏడాదిది?"

"మొట్టమొదటిది. మా పెళ్లయిన ఏడు."

అక్క కళ్లు మూసుకుంది. కూచున్నచోటే చేతులు చాపి, ముడిచి, చాపి, వల దింపుతున్నట్టు లెక్కపెట్టింది. "ఎనిమిది బారలు. ఆ ఏడు చేప ఎనిమిది బారల్లో ఉండేది. వల అక్కడ వేస్తేనే పడేది. రాసుకో."

"బారల లెక్క పుస్తకంలో ఒప్పుకోరక్కా."

"ఒప్పుకోకపోతే పెన్సిలుతో రాయి."

భార్య మిషను సొరుగులోంచి పెన్సిలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన రాశాడు. "తరవాతిది?"

"ఎనిమిదే. ఆ తరవాత ఏడాది కూడా. మీ బావకి మోకాళ్లు పట్టేసిన ఏడాది ఏడున్నర. మా పెద్దమ్మాయికి కవలలు పుట్టిన ఏడాది... ఏడు. తూర్పున కాలవ కలిపిన ఏడాది చూసుకో, అక్కణ్ణుంచి చేప గబగబా పైకెక్కింది. ఆరున్నర. ఆరు." అక్క చేతులు చాపుతూ, ముడుస్తూ చెబుతూనే ఉంది. ఆయన రాస్తూనే ఉన్నాడు. కిటికీలో ఎండ నేలమీంచి గోడమీదికి పాకింది. ఏ ఏడాదికీ ఆవిడ తడుముకోలేదు. కేకేస్తే వినబడేంత దూరంలో ఇరవై ఆరేళ్లు ఇదంతా ఆవిడ చేతుల్లో ఉంది. ఆఖరి పేజీకి "నాలుగున్నర" అని చెప్పి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"తరవాత పేజీ?"

"ఖాళీ. అది నేను రాయనుగా. కొత్తతను వస్తాడు."

"అయితే వచ్చేవాణ్ణి ముందు నా పడవ ఎక్కమను" అంది అక్క, టీ గ్లాసు మళ్లీ అందుకుంటూ.

నిక్కచ్చి సగంలో ఆగిపోయిన సామాను జాబితా బయటికి తీశాడు. తాడు అన్నచోట 'పదిహేను మీటర్లు, కొత్తది, ఏటా కొలవాలి, కోస్తే గుడ్డ మార్చి కుట్టాలి' అని రాశాడు. దాని కింద ఇంకో వరసలో, 'నెలకొకసారి లోతు వల పడవలో వెళ్లి, చేప ఎన్ని బారల్లో ఉందో అక్కని అడగాలి' అని రాశాడు. అది పెన్నుతోనే రాశాడు.